మందుకు లొంగని పురుగు: గుంటూరు, ప్రకాశం చేల అనుభవం

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడిలో పత్తి ప్రధాన వాణిజ్య పంటగా విస్తరించింది 1970ల తర్వాత. నాగార్జునసాగర్ కుడికాలువ నీరు, హైబ్రిడ్ విత్తనాలు, రసాయన ఎరువులు కలిసొచ్చి దిగుబడి పెరిగింది. ఏపుగా పెరిగిన పైరుకు పురుగు బెడదా పెరిగింది. ఊరూరా పురుగుమందుల కొట్లు వెలిశాయి. చాలామంది రైతులకు సలహా, అరువు రెండూ అక్కడే దొరికేవి.

1980ల ఆరంభంలో సైపర్‌మెత్రిన్, ఫెన్‌వలరేట్ వంటి సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు వచ్చాయి. కొద్ది మోతాదుకే పురుగు రాలిపోవడంతో రైతులు వాటినే పదేపదే కొట్టారు. మిత్రపురుగులు నశించాయి, దశాబ్దం మధ్యలో తెల్లదోమ విజృంభించింది. 1987-88లో శనగపచ్చ పురుగు కాయలను తొలిచేసింది. ఇరవై, ముప్పై సార్లు పిచికారీ చేసినా చావలేదు. పంట పోయి, అప్పులు మిగిలి పలువురు పత్తి రైతులు ఆత్మహత్య చేసుకున్నారు. ఆ పురుగులు పైరిత్రాయిడ్లకు నిరోధకత పెంచుకున్నాయని ప్రయోగశాల పరీక్షల్లో రుజువైంది.

నిరోధకతను మందు పుట్టించదు, ఏరి పెంచుతుంది. వేల పురుగుల్లో సహజంగా తట్టుకోగల కొన్ని బతుకుతాయి. తర్వాతి తరాలు వాటి సంతానమే. పైగా శనగపచ్చ పురుగు కంది, శనగ, మిరప పంటలపైనా బతుకుతుంది. ఒక పంటలో ఆరితేరినది ఇంకో పంటకు చేరుతుంది.

అందుకే తర్వాతి సిఫార్సులు మందు వాడకానికి హద్దు పెట్టాయి: పైరిత్రాయిడ్లను తగ్గించడం, మందులు మార్చి కొట్టడం, లింగాకర్షక బుట్టలతో ఉధృతి గమనించడం, వేపగింజల కషాయం, పురుగును చంపే వైరస్ (ఎన్‌పీవీ) ద్రావణం వాడటం. తెల్లదోమను తట్టుకునే కాంచన రకం గుంటూరు దగ్గరి లాం ఫారం నుంచి వచ్చింది. పురుగును చంపే విషాన్ని మొక్కే తయారుచేసుకునే బీటీ పత్తికి 2002లో అనుమతిచ్చినప్పుడు, నిరోధకత రాకుండా చేను చుట్టూ బీటీ కాని విత్తనం వేయాలని నియమం పెట్టారు. చాలామంది వేయలేదు. 2010ల మధ్యకు గులాబీ రంగు పురుగు బీటీ విషాన్నీ తట్టుకుంది.

ఇవే చేలలో యాంటీబయాటిక్ కూడా వాడారు. పత్తి నల్లమచ్చ తెగులుకు, మిరప బాక్టీరియా ఆకుమచ్చకు 10 లీటర్ల నీటిలో 30 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్, 1 గ్రాము స్ట్రెప్టోసైక్లిన్ కలిపి కొట్టమని సిఫార్సు ఉండేది. స్ట్రెప్టోసైక్లిన్‌లో స్ట్రెప్టోమైసిన్ తొమ్మిది పాళ్లు, టెట్రాసైక్లిన్ ఒక పాలు. స్ట్రెప్టోమైసిన్ క్షయ చికిత్సలో వాడే మందు. పురుగు నిరోధకత దాని జాతి దాటదు. బాక్టీరియా మాత్రం నిరోధక జన్యువులను వేరే జాతి బాక్టీరియాకూ అందించగలదు. పొలంలో మొదలైనది ఆసుపత్రిలోని రోగిదాకా రాగలదు. ఈ నిరోధకతపై భారత ప్రభుత్వం 2017లో ప్రకటించిన జాతీయ కార్యాచరణ ప్రణాళిక మనుషులు, పశువులు, పర్యావరణాన్ని కలిపి చూసింది. 2021 డిసెంబరులో కేంద్ర వ్యవసాయ శాఖ స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ మందుల వ్యవసాయ వాడకాన్ని దశలవారీగా నిషేధించే ముసాయిదా ఉత్తర్వు వెలువరించింది.