థెస్సలొనీకి

ఉత్తర గ్రీస్‌లోని రేవు నగరం. దేశంలో ఏథెన్స్ తర్వాత పెద్దది. మాసిడోనియా పాలకుడు కస్సాండర్ క్రీ.పూ. 315 ప్రాంతంలో దీన్ని స్థాపించి, అలెగ్జాండర్ సవతి చెల్లెలైన తన భార్య పేరు పెట్టాడు. పౌలు పత్రికల వల్ల తెలుగు బైబిలు పాఠకులకు ఈ ఊరు కొత్త కాదు.

సముద్రం ఒడ్డున తెల్ల బురుజు ప్రసిద్ధమే గాని, ముందుగా చూడాల్సింది రొటుండా. రోమన్ చక్రవర్తి గలేరియస్ కట్టించిన ఈ గుండ్రటి కట్టడం తర్వాత చర్చిగా, మసీదుగా మారింది. గుమ్మటం లోపల బంగారు మొజాయిక్, బయట మినారు రెండూ మిగిలాయి.

1917 అగ్నిప్రమాదంలో దిగువ పట్టణం చాలావరకు కాలిపోగా, ఎగువనున్న అనో పోలి బతికిపోయింది. దాని ఏటవాలు సందుల్లో పై అంతస్తులు వీధి మీదికి పొడుచుకొచ్చిన ఒట్టోమన్ కాలపు ఇళ్లున్నాయి.

ఇక్కడి ఉదయపు తిండి బుగాత్సా: పలుచని పిండి పొరల మధ్య రవ్వ క్రీమ్, పైన చక్కెర, దాల్చినచెక్క పొడి. వేడిగానే తినాలి.