ప్రొద్దుటూరు ఆడపడుచు శాంతకుమారి

తెలుగు తెరకు తల్లిగా గుర్తుండిపోయిన శాంతకుమారి 1920లో కడప జిల్లా ప్రొద్దుటూరులో పుట్టారు. అసలు పేరు వెల్లాల సుబ్బమ్మ. మద్రాసులో పి.సాంబమూర్తి దగ్గర గాత్రం, వయొలిన్ నేర్చుకున్నారు. సినిమాల్లోకి వచ్చింది ఈ సంగీతం బలంతోనే. ఆ రోజుల్లో ఎవరి పాట వాళ్లే పాడుకోవాలి, గొంతు లేకపోతే వేషం దొరకడం కష్టం.

1936లో పి.వి.దాసు తీసిన ‘శశిరేఖా పరిణయం’లో ఆమే శశిరేఖ. మరుసటి ఏడు ‘సారంగధర’లో నటించి, దాని దర్శకుడు పి.పుల్లయ్యను పెళ్లాడారు. ఆ తర్వాత ఇద్దరి జీవితం, వృత్తి ఒకటే అయ్యాయి. కూతురు పద్మ పేరు మీద పెట్టిన పద్మశ్రీ పిక్చర్స్ మంచి చిత్రాలు ఇచ్చింది.

ఆమె ప్రతిభను కొలవాలంటే వేంకటేశ్వరుడి కథనే చూడాలి. 1939లో పుల్లయ్య ఆ కథను తెరకెక్కించినప్పుడు ఆమె పద్మావతి. 1960లో ఆయనే ‘శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం’ తీస్తే ఆమె వకుళమాత. కొడుకు కోసం కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసే తల్లి బాధ ఆ ముఖంలోనూ, సొంతంగా పాడిన పాటల్లోనూ నిండుగా పలికింది. నాయికలు చాలామంది వయసుతో పాటు తెరమరుగైతే, ఈమెకు అసలైన కీర్తి ఆ వయసులోనే దక్కింది. ‘అర్ధాంగి’లో సవతి తల్లి, ‘ప్రేమనగర్’లో జమీందారీ దర్పం చూపే అమ్మ కూడా ఈమే. 1999లో రఘుపతి వెంకయ్య అవార్డు అందుకున్నారు. భర్తకు ఆ గౌరవం అంతకుముందే దక్కింది. శాంతకుమారి 2006 జనవరి 16న కన్నుమూశారు.