తప్పు ఉందంటుంది, ఎక్కడో చెప్పదు!

పరీక్షకు దరఖాస్తు చేసిన వేయిమంది వివరాలను మీరు కంప్యూటరులో చేరుస్తున్నారనుకోండి. ఒకే హాల్‌టికెట్ నంబరు ఇద్దరికి ఉండకూడదు. జాబితాలో లేని కళాశాల పేరు రాయకూడదు. ఇలాంటి నిబంధనలను డేటాబేస్‌కు ముందే చెప్పి ఉంచవచ్చు. వాటిని మీరిన సమాచారాన్ని అది తీసుకోదు. మంచిదే! కాని "నిబంధన ఉల్లంఘన" అని మాత్రమే చెప్పి ఊరుకుంటే, వేయి వరుసల్లో తప్పును ఎక్కడ వెతుకుతారు?

ఈ చిక్కుకు పెద్ద చరిత్రే ఉంది. సమాచారాన్ని పట్టికలుగా అమర్చే పద్ధతిని 1970లో ఐ.బి.ఎం. శాస్త్రజ్ఞుడు ఎడ్గార్ కాడ్ ప్రతిపాదించారు. ఆ పట్టికలతో పని చేయించడానికి ఎస్.క్యు.ఎల్. భాష పుట్టింది. 1992లో వచ్చిన ఆ భాషా ప్రమాణం ప్రతి దోషానికీ 5 స్థానాల సంకేతాన్ని ఇచ్చింది. మొదటి రెండు స్థానాల్లో 23 ఉంటే నిబంధన మీరినట్లు లెక్క. జ్వరం వచ్చిందని చెప్పడం వంటిదే ఇది, కారణం తెలియదు. అందుకే నిబంధనకు పేరు పెట్టుకొనే వీలునూ ఆ ప్రమాణమే కల్పించింది. మనం పేరు పెట్టకపోతే ఒరాకిల్ తానే 'ఎస్‌వైఎస్_సి'తో మొదలయ్యే అంకెల పేరు తగిలిస్తుంది. దాన్ని చూసి ఎవరికేం అర్థమవుతుంది?

పోస్ట్‌గ్రెస్‌క్యుఎల్ 2003లో దోషాన్ని, దాని వివరాన్ని, సలహాను విడివిడిగా చెప్పసాగింది. ఏ విలువ ఇదివరకే ఉందో ఆ వివరంలో చూడవచ్చు. అయితే నిబంధన పేరు కోసం ప్రోగ్రాములు సందేశ వాక్యాన్నే గాలించవలసి వచ్చేది. సందేశం మరో భాషలోకి మారితే ఆ వెతుకులాట దెబ్బతినేది. 2013 నుంచి పట్టిక పేరు, నిబంధన పేరు ప్రత్యేకంగా అందుతున్నాయి.

మరి ఎంత ఎక్కువ చెబితే అంత మంచిదా? కాదు. పట్టికలో కొన్ని గడులనే చూడనిచ్చిన వ్యక్తికి, చూడకూడని గడుల విలువలు కూడా దోష సందేశంలో కనబడుతున్నట్లు తేలింది. 2015లో దాన్ని సరిదిద్దారు. చూసే హక్కు లేనివారికి ఆ విలువలు ఇప్పుడు కనబడవు.

రేపు మీరే ఒక పట్టికను తయారు చేసేటప్పుడు ప్రతి నిబంధనకూ అర్థమయ్యే పేరు పెట్టండి. 'హాల్‌టికెట్_ఒక్కరికే' అన్న పేరు సందేశంలో కనబడితే, అర్ధరాత్రి దాకా వివరాలు ఎక్కించే గుమాస్తాకు ఏ గడి చూడాలో వెంటనే తెలుస్తుంది. ఆ విద్యార్థి దరఖాస్తు గడువులోగా చేరుతుంది.