ఫిమాయ్

ఫిమాయ్ ఈశాన్య థాయిలాండ్‌లో మూన్ నది ఒడ్డున ఉన్న చిన్న పట్టణం. కోరాట్ అని అందరూ పిలిచే నఖోన్ రాచసీమా నగరానికి ఈశాన్యంగా సుమారు 60 కిలోమీటర్ల దూరంలో ఉంది. పూర్వం దీని పేరు విమాయపురం. థాయిలాండ్‌లోని ఖ్మేర్ ఆలయాల్లో పెద్దవాటిలో ఒకటి ఈ ఊరి నడిబొడ్డునే ఉంది. అడవిలోనో కొండ మీదో ఒంటరిగా మిగిలిన ఆలయాలు ఈ ప్రాంతంలో చాలా ఉన్నాయి. ఫిమాయ్‌లో మాత్రం ఖ్మేర్ రాజులనాటి కోట హద్దుల్లోనే నేటికీ ఇళ్లు, అంగళ్లు, వీధులు ఉన్నాయి.

ఖ్మేర్లు రాకముందే మూన్ లోయలో జనావాసాలు ఉండేవి. ఇనుప యుగంలో ఇక్కడివారు వరి పండించారు, ఉప్పు వండారు, ఇనుము కరిగించారు. వారు చేసిన నల్లని నునుపు కుండలను పురావస్తు శాస్త్రజ్ఞులు ఈ ఊరి పేరుతోనే పిలుస్తారు. సమీపంలోని బాన్ ప్రసాత్ గ్రామంలో ఆనాటి సమాధులను తవ్విన గోతుల్లోనే ప్రదర్శనకు ఉంచారు.

ప్రధానాలయ నిర్మాణం 11వ శతాబ్ది చివర, ఖ్మేర్ రాజు 6వ జయవర్మ కాలంలో మొదలైందని పండితుల అభిప్రాయం. అతని మహీధరపుర వంశానికి మూలం ఈ ప్రాంతమేనని కూడా చెబుతారు. దక్షిణ గోపుర ద్వారబంధం మీది శాసనం ప్రకారం, వీరేంద్రాధిపతివర్మ అనే అధికారి క్రీ.శ. 1108లో త్రైలోక్యవిజయ అనే బౌద్ధ దేవత విగ్రహాన్ని ప్రతిష్ఠించాడు. అంకోర్ వాట్ గోడ మీద 2వ సూర్యవర్మ పరివారాన్ని చెక్కిన వరుసలో ఈ పేరే మళ్లీ కనిపిస్తుంది. ఫిమాయ్ శిల్పులు ముందు సాధించిన శిఖర రూపమే అంకోర్ వాట్ శిఖరాలకు మార్గం చూపిందని పలువురు భావిస్తారు. కాలక్రమం చూస్తే ఆ వాదనలో బలముంది.

ఇది మహాయాన బౌద్ధాలయం. అయినా వెలుపలి శిల్పంలో హిందూ పురాణ గాథలు నిండుగా ఉన్నాయి. దక్షిణ ద్వారం పైన శివుడు నర్తిస్తుంటాడు. ద్వారాల మీది రాతి దూలాల్లో ఒకదానిపై రామలక్ష్మణులు నాగపాశానికి చిక్కి పడి ఉంటారు, చుట్టూ వానరులు దుఃఖిస్తుంటారు. గర్భగృహం చుట్టూ ఉన్న లోపలి దూలాల మీద బుద్ధుడు, వజ్రయాన దేవతలు కొలువుదీరారు. రెండు మతాల మధ్య గీత గీయడం ఇక్కడ కష్టం, ఆనాటి భక్తులకు ఆ అవసరమూ కనిపించినట్లు లేదు. తెల్లని ఇసుకరాతి శిఖరం ఎత్తు దాదాపు 28 మీటర్లు. ఖ్మేర్ ఆలయాలు సాధారణంగా తూర్పు ముఖంగా ఉంటాయి. ఇది దక్షిణం వైపు, కొంచెం తూర్పుకు ఒరిగి ఉంటుంది. ఖ్మేర్ రాజధాని అంకోర్ ఉన్నది ఆ దిక్కునే.

రెండు నగరాలనూ కలుపుతూ 200 కిలోమీటర్లకు పైగా రాజమార్గం ఉండేది. కంబోడియాలోని ప్రేహ్ ఖాన్ ఆలయంలో 7వ జయవర్మ 1191లో వేయించిన శాసనం, ఈ దారి పొడవునా 17 విడిది గృహాలు ఉన్నట్టు చెబుతుంది. బాటసారులకు నిప్పు, నీడ దొరికే ఆ సత్రాల శిథిలాలు కొన్ని నేటికీ నిలిచి ఉన్నాయి. అదే రాజు రాజ్యమంతటా కట్టించిన 102 ఆరోగ్యశాలల్లో ఒకదాని ఆనవాళ్లు ఫిమాయ్ దక్షిణ శివారులో కనిపిస్తాయి. ఆలయ ప్రాంగణంలోని చిన్న గుడిలో దొరికిన అతని కూర్చున్న విగ్రహం ఇప్పుడు స్థానిక జాతీయ మ్యూజియంలో ఉంది. కన్నులు వాల్చి ధ్యానంలో ఉన్న ఆ ముఖం చూడడానికే ఫిమాయ్ రావచ్చు.

13వ శతాబ్ది తర్వాత ఖ్మేర్ల అధికారం సన్నగిల్లింది, రాజమార్గం ప్రాముఖ్యం పోయింది. పట్టణం తర్వాత అయుత్థయ రాజ్యంలో చేరింది. 1767లో బర్మా సేనలు అయుత్థయను నేలమట్టం చేశాక, థేప్‌ఫిఫిత్ అనే రాకుమారుడు ఇక్కడ కొద్దికాలం స్వతంత్రంగా ఏలాడు. మరుసటి ఏడు తాక్సిన్ రాజు అతన్ని ఓడించాడు. 1900లో బ్యాంకాక్ నుంచి రైలు కోరాట్ వరకు వచ్చింది గాని ఫిమాయ్‌కు రాలేదు. ఆ తర్వాత వేసిన మిత్రఫాప్ రహదారి కూడా ఊరికి పడమరగా, కొన్ని కిలోమీటర్ల అవతల నుంచే సాగిపోయింది. పట్టణం పెద్దగా పెరగకపోవడానికి, పాత నగర రూపురేఖలు చెరిగిపోకుండా మిగలడానికి ఇదొక ముఖ్య కారణం.

థాయ్ లలితకళల శాఖ 1936లో ఆలయాన్ని రక్షిత కట్టడంగా నమోదు చేసింది. 1960ల్లో ఫ్రెంచ్ పురావస్తు శాస్త్రజ్ఞుడు బెర్నార్ ఫిలిప్ గ్రోలియే సహకారంతో, కూలిన రాళ్లను గుర్తించి వాటి పూర్వస్థానాల్లోనే తిరిగి పేర్చారు. 1989లో ఇది చారిత్రక ఉద్యానంగా ప్రారంభమైంది.

కోరాట్ నుంచి బస్సులో గంటన్నర లోపు చేరుకునే ఈ ఊరిని కాలినడకన చూడవచ్చు. దక్షిణాన ఉన్న విజయద్వారం నుంచి ఆలయానికి తిన్నని వీధి ఉంది. ఊరికి కొద్ది దూరంలో మూన్ నది పక్కన ఊడలు దిగి విస్తరించిన సాయ్ ఙామ్ మర్రితోపు ఉంది. అక్కడి దుకాణాల్లో ఫిమాయ్ పేరుతో ప్రసిద్ధమైన వేయించిన బియ్యపు నూడుల్స్ దొరుకుతాయి. ఏటా నవంబరులో జరిగే ఉత్సవంలో పొడవాటి పడవల పందేలు ప్రధాన ఆకర్షణ. రాజమార్గంతోనూ, బురీరామ్ ప్రావిన్స్‌లోని ఫనోమ్ రుంగ్, ముఅంగ్ తామ్ ఆలయాలతోనూ కలిపి ఫిమాయ్‌ను థాయిలాండ్ 2004లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేర్పించింది.