రేడియేటరుకు చుట్టకుదురు

మా అమ్మమ్మ ఇంట్లో నీళ్ళ కడవను ఒట్టి నేలమీద పెడితే ఊరుకునేది కాదు. "చుట్టకుదురేదే?" అని వీధిగుమ్మం దాకా వినపడేట్టు కేకేసేది. ఎండుగడ్డి పేని, గుండ్రంగా చుట్టి కట్టిన ఆ కుదురును ఎవరూ డబ్బిచ్చి కొనరు. పాతబడితే పొయ్యిలో పడేస్తారు. ఒకసారి నేను తొందర్లో నిండుకడవను గచ్చుమీద దించేశాను. పెద్ద చప్పుడేమీ కాలేదు. సాయంత్రానికి మాత్రం గచ్చంతా తడి. చూస్తే కడవ అడుగున వెంట్రుకంత బీట. "కడవ పోయినందుకు కాదే నా ఏడుపు, కుదురుండీ వెయ్యనందుకు!" అని అమ్మమ్మ రాత్రి భోజనాలదాకా సణుగుతూనే ఉంది.

ఆ మాట నాకు ముప్ఫయ్యేళ్ళకు మళ్ళీ గుర్తొచ్చింది. ఎక్కడనుకున్నారు? అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలో, ఒక మోటారు బండి ముందు! నవ్వకండి. చెబుతాను.

నిరుడు వేసవిలో మా చెల్లెలి దగ్గరికి వెళ్ళాను. వాళ్ళ పక్కింట్లో ఒక పెద్దావిడ ఉంది. బళ్ళో పాఠాలు చెప్పి రిటైరైంది, డెబ్బై దాటాయి. భర్త పోయి నాలుగేళ్ళు. ఆవిడ ఇంటి పక్కన ఓడలాంటి బండి ఒకటి నిలబడి ఉండేది. 1976 నాటి జి.ఎం.సి. మోటారు హోమ్. అంటే ఇంజనున్న ఇల్లన్నమాట. వంటగది, పడకలు, స్నానాలగది అన్నీ అందులోనే. ఇరవయ్యారు అడుగుల పొడవు. ఆవిడ పిల్లల వేసవి సెలవులన్నీ ఆ బండిలోనే గడిచాయట. ఇప్పుడు మనవరాలిని దాంట్లో సుపీరియర్ సరస్సు దాకా తీసుకెళ్తానని మాటిచ్చింది.

మాటైతే ఇచ్చింది గానీ బండి కదిలితేనా! రేడియేటరు కారుతోంది. రెండుసార్లు షాపులో మాటు వేయించింది. రెండుసార్లూ నెల తిరక్కుండానే మళ్ళీ కారింది. "ఇంత పాత బండికి ఇక దండగమ్మా" అన్నారు షాపువాళ్ళు. కొడుకు ఇంకో అడుగు ముందుకేసి, శనివారం నాటికి తుక్కువాణ్ణి రమ్మన్నాడు. అప్పటికి సోమవారం.

మా చిన్నప్పుడు అంబాసిడర్ కార్లో తీర్థయాత్రకెళితే, ఘాటురోడ్డు సగం ఎక్కేసరికి రేడియేటరు బుసలు కొట్టేది. కారుతుంటే డ్రైవరు గుప్పెడు పసుపు అందులో పోసేవాడు. ఆ పసుపు కన్నాల్లో చేరి తాత్కాలికంగా నీళ్ళు ఆపేది. రేడియేటరు గురించి నాకున్న పాండిత్యం అంతే. బి.ఏ.లో చరిత్ర చదివానుగానీ అందులో రాజులే తప్ప రేడియేటర్లు లేవు. చెల్లెలు ఆఫీసుకెళ్ళాక చేసే పనేమీ లేదు కనక ఊళ్ళో లైబ్రరీకి వెళ్ళి, ఈ రేడియేటరు పూర్వోత్తరాలు తిరగేశాను. తీరా చూస్తే అదంతా మన కడవ కథే!

ఇంజనులో పెట్రోలు మండుతుంది. ఆ వేడిని లాగెయ్యకపోతే లోపలి ఇనుము పట్టేసుకుంటుంది. అందుకని ఇంజను చుట్టూ నీళ్ళు తిప్పుతారు. మొదట్లో ఆ నీళ్ళను చల్లార్చే ఉపాయం లేదు, మరిగి ఆవిరైపోతుంటే మళ్ళీ పోసుకోవడమే. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఇల్లాలు, భర్త కార్ల్ బెంజ్ తయారుచేసిన మూడు చక్రాల బండిని ఆయనకు చెప్పకుండానే తీసుకుని, పదిహేనేళ్ళ కొడుకునీ పదమూడేళ్ళ కొడుకునీ ఎక్కించుకుని, మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి బయల్దేరింది. సుమారు 105 కిలోమీటర్లు. దారి పొడుగునా నీళ్ళు పోస్తూనే వెళ్ళింది. పెట్రోలు గొట్టం మూసుకుపోతే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి బాగుచేసింది. బ్రేకు అరిగితే చెప్పులు కుట్టేవాడిచేత తోలుముక్క వేయించింది. కారులో అంతదూరం వెళ్ళిన మొదటి మనిషి ఆడది. దారిలో సొంతంగా రిపేరు చేసుకున్నదీ ఆవిడే. ఈ సంగతి నేను పక్కింటావిడకు చెబితే, "పుట్టింటికి కనక సరిపోయింది, అత్తారింటికైతే పిన్ను తీసేదా?" అని పకపకా నవ్వింది. మనవాళ్ళే అలా అంటారనుకున్నాను!

తర్వాత 1901 లో విల్‌హెల్మ్ మేబాక్ అనే ఇంజనీరు మెర్సిడెస్ కారుకు తేనెపట్టులాంటి రేడియేటరు పెట్టాడు. (మెర్సిడెస్ అన్నది ఆ కార్లు చెయ్యమని ఆర్డరిచ్చిన ఎమిల్ యెల్లినెక్ కూతురి పేరు.) అందులో 8,070 సన్నని గొట్టాలు, ఒక్కోటి ఆరు మిల్లీమీటర్ల వెడల్పు. గొట్టాల మధ్యన నీళ్ళు, గొట్టాల్లోంచి గాలి. పొయ్యిమీంచి దించిన పాలను గిన్నెలో ఉంచితే గంట పడుతుంది, పళ్ళెంలో పోస్తే ఇట్టే చల్లారుతాయి కదూ? అదే సూత్రం. పల్చగా పరిస్తే వేడి తొందరగా పోతుంది.

కానీ పల్చగా చేసిన వస్తువు సుకుమారం కూడా. ఆ తర్వాత ఏళ్ళ తరబడి కార్లకు వచ్చిన రేడియేటర్లు రాగీ ఇత్తడీ రేకులతో చేసి, సీసమూ తగరమూ కలిపిన మాటుతో అతికించినవి. నిండా నీళ్ళుంటాయి. దాని కింద బండి చట్రమేమో గోతుల్లో పడి అటూ ఇటూ మెలితిరుగుతుంది. ఆ మెలికంతా రేడియేటరుకు తగిలితే అతుకులు విడిపోవూ? హెన్రీ ఫోర్డు మోడల్-టి కారు 1908 నుంచి 1927 దాకా కోటీ యాభై లక్షలు తయారైంది. దాని రేడియేటరును చట్రానికి బిగించే చోట చిన్న స్ప్రింగులు వేసేవారు. చట్రం మెలితిరిగినా, పైనున్నది ఆ కుదుపంతా మొయ్యకుండా. ఆ తర్వాత బళ్ళలో స్ప్రింగుల చోటికి రబ్బరు దిండ్లు వచ్చాయి.

ఆ మోడల్-టి బళ్ళలోనే అమెరికావాళ్ళు కాపురాలు సర్దుకుని ఊళ్ళు తిరగడం మొదలెట్టారు. డబ్బున్నవాళ్ళు అంతకు ముందే మొదలెట్టారనుకోండి. 1915 లో కాంక్లిన్ అనే ఆసామీ 'జిప్సీ వ్యాన్' అని పెద్ద బస్సంత ఇల్లు కట్టించి, భార్యాపిల్లలతో న్యూయార్క్ రాష్ట్రం నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో ప్రయాణం కట్టాడు. మామూలు జనమేమో కార్లకు గుడారాలు తగిలించుకుని, డబ్బాల్లో తిండి తింటూ తిరిగేవారు. 1919 లో ఫ్లోరిడాలోని టాంపాలో వీళ్ళంతా కలిసి ఓ సంఘం పెట్టుకున్నారు. దాని పేరు 'టిన్ కాన్ టూరిస్ట్స్'. రేకుడబ్బా యాత్రికులన్నమాట. వాళ్ళ గుర్తేమిటో తెలుసా? రేడియేటరు మూతమీద మాటు వేసి అతికించిన ఖాళీ రేకుడబ్బా! ఎదురుగా వచ్చే బండి రేడియేటరు మీద డబ్బా కనపడితే చాలు, మనవాళ్ళేనన్నమాట.

అంతకు ఏడాది ముందే, 1918 ఆగస్టులో, రేడియేటరు పుణ్యమా అని ఒక తమాషా జరిగింది. హెన్రీ ఫోర్డు, థామస్ ఎడిసన్, టైర్ల కంపెనీ ఫైర్‌స్టోన్, ఎనభై దాటిన ప్రకృతి రచయిత జాన్ బరోస్ కలిసి గుడారాలేసుకుంటూ కార్లలో దేశం చూడబోయారు. పెన్సిల్వేనియాలో కానెల్స్‌విల్ దగ్గర వాళ్ళ ప్యాకర్డ్ కారు ఫాన్ రెక్కలు విరిగి, ఒక ముక్క రేడియేటరులో గుచ్చుకుంది. కొత్త సామాను వచ్చేదాకా ఇక్కడే పడుండాలనుకున్నారందరూ. ఫోర్డు కోటు విప్పి పక్కన పెట్టాడు. విరిగిన రెక్కలకు కన్నాలు పొడిచి, రాగితీగతో కుట్టేశాడు, మనం విస్తరాకు కుట్టినట్టు. రేడియేటరు కన్నానికి మాటు వేశాడు. రెండు గంటల్లో బండి కదిలింది. ఈ కథంతా బరోస్ రాసిపెట్టాడు కనక మనకు తెలిసింది.

కథ బాగానే ఉంది. కానీ నాకు అందులో ఒక తేడా కనిపించింది. ఫోర్డు బాగుచేసింది కంటికి కనపడే గాయాన్ని. ఫాన్ గుచ్చుకుంది, కన్నం పడింది, మాటు పడింది. మా పక్కింటావిడ రేడియేటరుకు ఏదీ గుచ్చుకోలేదే? మరి పదే పదే ఎందుకు కారుతోంది?

ఈ ప్రశ్న ఆవిడకూ వచ్చింది, నాకంటే ముందే. "రెండుసార్లూ ఒకే చోట, ఎడమవైపు కింది అతుకు దగ్గరే పోయింది. ఎందుకని?" అంది. మంగళవారం పొద్దున్నే గోడలు కట్టేవాళ్ళు వాడే రసమట్టం తెచ్చి రేడియేటరు పైన పెట్టింది. బుడగ ఓ పక్కకు జారింది. బండి కూర్చున్న నేల మట్టంగానే ఉంది, రేడియేటరే ఎడమకు ఒరిగింది.

ఆ బండి చరిత్ర కూడా ఇక్కడ కొంచెం చెప్పాలి. జనరల్ మోటార్స్ కంపెనీ 1973 మోడలుగా దీన్ని తెచ్చింది. మిషిగన్‌లోనే పాంటియాక్ అనే ఊళ్ళో తయారయ్యేది. ముందు చక్రాలతో నడుస్తుంది కనక నేల ఎత్తు తక్కువ. ఇంజను ఏడున్నర లీటర్లది. ఆ ఏడాది అక్టోబరులోనే అరబ్బు దేశాలు చమురు ఆపాయి. గాలనుకు పది మైళ్ళు కూడా గగనమైన బండికి ఇంతకంటే చెడ్డ ముహూర్తం ఉంటుందా! 1978 కల్లా కంపెనీ తయారీ ఆపేసింది. మొత్తం సుమారు 13,000 బళ్ళు. అయినా వాటిని ఇన్నేళ్ళుగా నడుపుకుంటూ వస్తున్నవాళ్ళున్నారు. కంపెనీ వదిలేసిన బండిని ఇంటివాళ్ళే చూసుకోవాలి కదా.

ఆవిడ అలాగే చూసుకుంది. సాయానికి మనవరాలు, టార్చిలైటు పట్టుకోవడానికి నేను. చక్రాలకు అడ్డుచెక్కలు పెట్టింది. బ్యాటరీ తీగ తీసేసింది. ఇంజను పూర్తిగా చల్లారిందని చేత్తో చూసుకున్నాకే మూత తీసింది. రేడియేటరు కూడా ప్రెషర్ కుక్కరులాంటిదే, వేడిమీద మూత తీస్తే మొహం కాలుతుంది. లోపలి పచ్చటి ద్రవాన్ని బకెట్లో పట్టి, వెంటనే మూతపెట్టింది. అది తియ్యగా ఉంటుందిట. కుక్కలు నాకి చచ్చిపోతాయిట.

బరువు చెక్కదిమ్మమీద ఆనించి, ఎడమవైపు బ్రాకెట్టు విప్పి బయటికి తీశాం. అప్పుడు కనపడింది అసలు జబ్బు. కింది రబ్బరు దిండు అణిగి, ఎండి, గోటితో కొడితే రాయిలా మోగింది. ఇంజను వేడీ నూనె జిడ్డూ తగిలి తగిలి రబ్బరు రాయైపోయింది. దిండు మెత్తదనం పోయాక కుదుపంతా బ్రాకెట్టు మీద పడింది. అది తుప్పుపట్టి సగం చీలింది. బ్రాకెట్టు వంగేసరికి బరువంతా ఒకే మూల అతుకు మీద పడింది. షాపువాళ్ళు రెండుసార్లు అతుకు బాగుచేశారు. కిందకి ఎవరూ చూడలేదు.

మిగిలింది మూడు రోజుల పని. బ్రాకెట్టును తీగబ్రష్‌తో రుద్ది, చీలిక కొసన చిన్న రంధ్రం పొడిచింది. అలా చేస్తే చీలిక ముందుకు పాకదుట. వెనకనుంచి మందపాటి ఇనుప రేకు కలిపి బోల్టులు వేసింది. వెల్డింగు చేయిస్తే తొందరగా అవుతుంది కదా అని అడిగాను. దగ్గర్లో రేడియేటరుండగా వెల్డింగు వద్దంది. ఇనుము కరిగే వేడికి రేడియేటరు మాటు ఏనాడో కారిపోతుంది. రెండు వైపులా కొత్త రబ్బరు దిండ్లు, ఒకే మందానివి వేసింది. ఒకటి కొత్తదీ ఒకటి పాతదీ అయితే మళ్ళీ ఒరుగుతుంది. కారే అతుకుకు మాత్రం, రేడియేటరు బయటికి తీసినప్పుడే, మాటు మళ్ళీ వేయించింది.

బిగించేటప్పుడు మనవరాలు పానా పట్టుకుని బలమంతా ఉపయోగించబోయింది. పెద్దావిడ చెయ్యి పట్టి ఆపింది. "చాలు. రబ్బరు కొంచెం ఉబ్బితే చాలు. పూర్తిగా అణగదొక్కితే పెట్టీ ఏం లాభం? అది కదలాలి, కానీ తప్పిపోకూడదు" అంది. నేను టార్చిలైటు పట్టుకుని అలాగే ఉండిపోయాను. మా అమ్మమ్మ ఇంగ్లీషులో మాట్లాడినట్టనిపించింది.

ఇళ్ళలో మనం చేసేదీ ఇదే కదూ! కారినచోటల్లా మాటు వేస్తాం. పిల్లాడు ఎదురు చెప్పాడు, ఓ కేక. కోడలు ముభావంగా ఉంది, ఓ చీర. మాటు పడుతుంది, నెల తిరక్కుండా మళ్ళీ కారుతుంది. కింద ఏ దిండు ఎండిపోయిందో వంగి చూసే ఓపిక ఎంతమందికి ఉంది? ఎండిపోయిన దిండు మనమే అయితే అసలు కనపడదు.

శుక్రవారం సాయంత్రం ఇంజను స్టార్టు చేసింది. ఫాన్ రెక్కలకూ రేడియేటరుకూ మధ్య ఖాళీ సరిపోయిందని అంతకుముందే అట్టముక్క పెట్టి చూసుకుంది. ఇంజను వేడెక్కేదాకా నడిపి, చల్లార్చి, మళ్ళీ నీళ్ళ మట్టం చూసింది. రాత్రికి బండి కింద పాత న్యూస్‌పేపర్లు పరిచింది. నాకు నిద్ర సరిగా పట్టలేదంటే నమ్మండి. తెల్లారి ఆరింటికే చెప్పుల్లేకుండా పరిగెత్తాను. ఆవిడ అప్పటికే అక్కడ మోకాళ్ళమీద కూర్చుని ఉంది. కాగితాలు పొడిగా ఉన్నాయి.

తుక్కువాడు పదింటికి వచ్చాడు. కాఫీ ఇచ్చి పంపింది.

వచ్చేటప్పుడు ఆ రాయైపోయిన రబ్బరు ముక్క అడిగి తెచ్చుకున్నాను. మా అమ్మ చూసి, "ఇదేమిటే, అమెరికానుంచి ఇదా తెచ్చావు?" అంది.

"చుట్టకుదురమ్మా" అన్నాను.

అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి, గోటితో కొట్టి చూసింది. "గట్టిపడిపోయిందే. ఇంకెందుకిది? కడవ పగిలిపోతుంది" అంది.