పట్టణ దళితవాడకు ఇంటర్నెట్: ఏ పథకంలో ఉంది, ఏ పథకంలో లేదు

ఉమ్మడి నెల్లూరు జిల్లా జనాభాలో వందకు 22 మందికి పైగా దళితులని 2011 జనాభా లెక్కలు చెబుతున్నాయి. మరో పదిమంది దాకా ఆదివాసులు, వారిలో ఎక్కువమంది యానాదులు. కూలి కోసం, చదువు కోసం ఊళ్లు వదిలిన కుటుంబాలు నెల్లూరు, కావలి, గూడూరు పట్టణాల అంచున కాలనీలుగా స్థిరపడ్డాయి. ఈ కాలనీల్లో ఫోన్ కొత్త వస్తువేమీ కాదు. అయినా స్కాలర్‌షిప్ దరఖాస్తుకీ ఈ-కేవైసీకీ పిల్లలు నెట్ సెంటర్ ముందు క్యూ కడుతూనే ఉంటారు. చేతిలో ఫోన్ ఉండి కూడా ఇంకొకరికి డబ్బులిచ్చి ఫారం నింపించుకోవాల్సి రావడమే అసలు సమస్య.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019-20) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన మహిళలు 21 శాతం, పురుషులు 48.8 శాతం. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి, నిజమే. పనులు ఆన్‌లైన్‌కు మారిన వేగం మాత్రం అంతకన్నా ఎక్కువ. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం ‘మన మిత్ర’ పేరుతో 161 సేవలను వాట్సాప్‌లోకి తెచ్చింది. చదవడం, టైపు చెయ్యడం, ఓటీపీ ఎవరికి చెప్పకూడదో తెలియడం వచ్చినవారికి ఇది పెద్ద సౌకర్యం. రానివారికి ఆఫీసు చుట్టూ తిరిగే పని తగ్గి, దుకాణం చుట్టూ తిరిగే పని పెరుగుతుంది.

ముందు ధర సంగతి. 2016 సెప్టెంబర్‌లో జియో రావడంతో డేటా చౌకయింది. 2024 జూలైలో కంపెనీలు ఒకదాని వెంట ఒకటి రేట్లు పెంచాయి. రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే జియో 28 రోజుల ప్లాన్ 239 రూపాయల నుంచి 299కి చేరింది. కంపెనీల నెలకు 28 రోజులే కాబట్టి ఏడాదికి 13 రీఛార్జిలు, అంటే ఒక్క ఫోన్‌కు 3,887 రూపాయలు. ఇంట్లో ఇద్దరు చదువుకునే పిల్లలుంటే లెక్క రెట్టింపు. పని దొరకని వారంలో మొదట ఆగేది ఈ రీఛార్జే.

ఇంటికి తీగ వేస్తే ఒకే బిల్లుతో అందరికీ నెట్ వస్తుంది. ఏపీ ఫైబర్‌నెట్ ఆ ఆలోచనతోనే పుట్టింది. నేల తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా ఆప్టికల్ ఫైబర్ లాగారు. 2016 డిసెంబర్‌లో కోనసీమలోని మోరి గ్రామంలో మొదలుపెట్టి, 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా రాష్ట్రమంతటికీ ప్రారంభించారు. టీవీ, ఫోన్, ఇంటర్నెట్ మూడూ కలిపి నెలకు 149 రూపాయలన్నారు. ఆ ధర తర్వాత పెరిగిపోయింది. అంతకన్నా గమనించాల్సింది ఇంకోటుంది. స్తంభం దాకా తీగ ప్రభుత్వానిది, అక్కడి నుంచి గుమ్మం దాకా స్థానిక కేబుల్ ఆపరేటర్‌ది. నాలుగు కనెక్షన్లు గిట్టుబాటవుతాయనుకున్న వీధికి అతను ముందు వెళతాడు. వాడ చివరి సందుకు ఎప్పుడు వెళ్లాలో చెప్పేవారు లేరు.

నైపుణ్యాల విషయంలో పట్టణ పేదలు మరీ స్పష్టంగా జారిపోయారు. 2014-16 మధ్య కేంద్రం నడిపిన ఎన్‌డీఎల్‌ఎం, దిశ పథకాలు పల్లెకూ పట్టణానికీ కలిపి 53 లక్షలకు పైగా మందికి శిక్షణ ఇచ్చాయి. 2017 ఫిబ్రవరిలో వాటి స్థానంలో వచ్చిన పీఎంజీదిశ గ్రామీణ కుటుంబాలకే పరిమితం. ఆరు కోట్ల కుటుంబాల్లో ఇంటికొకరికి 20 గంటల శిక్షణ లక్ష్యం. ఎస్సీ, ఎస్టీ, మహిళలకు ప్రాధాన్యం అని మార్గదర్శకాల్లో రాశారు. అదీ 2024 మార్చితో ముగిసింది. బ్రాడ్‌బ్యాండ్ తీగను గ్రామ పంచాయతీలకు చేర్చే భారత్‌నెట్ కూడా పల్లెల పథకమే. పట్టణమంటే అప్పటికే అన్నీ ఉన్నాయని ఢిల్లీలో అనుకున్నట్టుంది. ఊళ్లో ఉంటే ఎస్సీ కాలనీ అమ్మాయికి దక్కే శిక్షణ, ఆమె కుటుంబం నెల్లూరు కార్పొరేషన్ పరిధిలోకి వచ్చేసరికి దక్కలేదు.

చదువు వాడలోకి ఎలా వెళుతుందో తెలియని జిల్లా కాదిది. 1990ల తొలినాళ్లలో ఇక్కడ సాగిన సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమంలో రాత్రి బడులు పెట్టారు. వాచకంలోని పాఠాలు కూలి గురించి, సారా గురించి మాట్లాడాయి. ఆ చర్చల్లోంచే 1992లో కలిగిరి మండలం దూబగుంట మహిళలు సారా దుకాణాన్ని మూయించారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం వచ్చింది. ఆ బడులు పనివేళల తర్వాత, వాడలోనే, నేర్చుకునేవాళ్ల బతుకు మీదనే నడిచాయి. మౌస్ పట్టుకోవడంతో మొదలై సర్టిఫికెట్‌తో ముగిసే 20 గంటల కోర్సుకు ఈ గుణం లేదు. ఉపాధి హామీ మస్టర్, రేషన్ కార్డు స్థితి, లోన్ యాప్ మోసం, స్కాలర్‌షిప్ ఎక్కడ ఆగిందో చూడటం పాఠాలైతే ఎవరినీ బతిమాలి పిలవక్కర్లేదు.

చోటు ఎక్కడ? అమెరికాలోని డెట్రాయిట్‌లో నల్లజాతి పేటలవాళ్లు చేసిన పని ఇక్కడ పనికొస్తుంది. కంపెనీలు పట్టించుకోని వీధుల్లో పేటవాళ్లకే శిక్షణ ఇచ్చి, వాళ్లను ‘డిజిటల్ స్టీవార్డులు’ అన్నారు. వైర్‌లెస్ యాంటెన్నాలు వాళ్లే బిగించారు. అందులో ఒక కేంద్రం చర్చి ఆఫ్ ది మెసయ్య. మన వాడల్లోనూ చర్చి ఉంది, అంబేడ్కర్ భవన్ ఉంది. ఇలాంటి పనికి మన దేశంలోనూ దారి ఉంది. 2020 డిసెంబర్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం-వాణి కింద టీ కొట్టో జిరాక్స్ షాపో ‘పబ్లిక్ డేటా ఆఫీస్’గా వైఫై అమ్మవచ్చు. దానికి లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ ఫీజూ లేదు. ఐదు, పది రూపాయల కూపన్లు పెట్టుకోవచ్చు. పథకం చాలాకాలం కుంటుతూ నడిచింది. ఈ చిన్న దుకాణాలకు మామూలు బ్రాడ్‌బ్యాండ్ ఇవ్వకుండా ఖరీదైన లీజు లైన్లు తీసుకోమనడం అందుకు ఒక కారణం. 2025 జూన్‌లో ట్రాయ్ దీనికి కళ్లెం వేసింది. 200 ఎంబీపీఎస్ దాకా ఇంటి కనెక్షన్ ధరకు రెట్టింపు మించి వసూలు చెయ్యకూడదంది.

చట్టం వైపు కూడా ఆధారాలున్నాయి. హాస్టల్‌లో ఫోన్ ఆంక్షలను ఎదిరించిన విద్యార్థిని ఫహీమా షిరిన్ కేసులో 2019 సెప్టెంబర్‌లో కేరళ హైకోర్టు ఇంటర్నెట్ అందుబాటును విద్యాహక్కులో, వ్యక్తిగత గోప్యత హక్కులో భాగమంది. యాసిడ్ దాడి బాధితులు ఈ-కేవైసీ మీద వేసిన ప్రజ్ఞా ప్రసూన్ కేసులో 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవల అందుబాటును 21వ అధికరణలోని జీవించే హక్కుతో ముడిపెట్టింది. డబ్బు విషయానికి 2013 ఎస్సీ, ఎస్టీ సబ్‌ప్లాన్ చట్టం ఉంది. జనాభా నిష్పత్తిలో నిధులు ఎస్సీ, ఎస్టీలకే ఖర్చు చెయ్యాలన్న ఆ చట్టాన్ని రాష్ట్రం 2023లో మరో పదేళ్లు పొడిగించింది. ఎస్సీ కాలనీకి తీగ, శిక్షణ గది, బోధకుల వేతనం ఆ పద్దు కింద అడగాల్సినవే.

అడిగేముందు లెక్క చేతిలో ఉండాలి. వార్డు సచివాలయాల్లో విద్య, డేటా ప్రాసెసింగ్ చూసే కార్యదర్శులు ఉంటారు, మొదటి సంభాషణ వాళ్లతోనే. తర్వాత సమాచార హక్కు దరఖాస్తులు రెండు. ఫైబర్‌నెట్ సంస్థకు: మా వార్డులో ఏ వీధులకు తీగ ఉంది, ఎస్సీ కాలనీలో కనెక్షన్లు ఎన్ని? మున్సిపల్ కమిషనర్‌కు: సబ్‌ప్లాన్ పద్దులో గత మూడేళ్లలో మా కాలనీలో ఏ పనికి ఎంత ఖర్చయింది? సమాధానానికి గడువు 30 రోజులు.