నాలుగోవంతు ప్రసాదం

మా అవ్వ పక్షవాతంతో నాలుగేళ్లు మంచంలోనే ఉండింది. ఆ నాలుగేళ్లూ ఆమెను కడిగింది, గంజి తాగించింది, పుండ్లు పడకుండా పక్కకి తిప్పింది మా పిన్నమ్మ. ఆ పనికి ఇంట్లో ఎవరమూ ఖరీదు కట్టలేదు. ఇప్పుడు అమ్మకి యాభై ఎనిమిది. ఈమధ్య ఒక ఇన్సూరెన్స్ ఏజెంటు తిరుపతిలో మా ఇంటికొచ్చి, ఏడాదికి 40 వేలు చొప్పున కడుతూ పోతే, అమ్మ తన పనులు తాను చేసుకోలేని రోజు వచ్చినప్పుడు నెలకు 20 వేలు ఇస్తారని చెప్పాడు. అమ్మ అంతా విని ఒక్కటే అడిగింది. "దుడ్లిచ్చేది సరే నాయనా, నన్ను తిప్పి పండబెట్టేదెవురు?"

ఆ కాగితం బల్లమీద ఉండగానే, వేరే పని మీద, దేవస్థానం 1930ల్లో అచ్చువేసిన శాసన సంపుటాలు తిరగేస్తున్నాను. తిరుమల గోడలమీది శాసనాల్లో ఎక్కువ భాగం తమిళంలో ఉంటాయి. వాటిలో మళ్లీ మళ్లీ వచ్చే మాట 'విట్టవన్ విళుక్కాడు'. అంటే దాత వంతు. విజయనగర కాలంలో భక్తుడు ఆలయ భండారంలో రొక్కం కడితే, ఆ సొమ్ముతో దేవస్థానం తన గ్రామాల్లో చెరువులు, కాలువలు తవ్వించేది. పెరిగిన పంటతో ఆ దాత పేర నిత్యం నైవేద్యం. నైవేద్యమైన ప్రసాదంలో సాధారణంగా నాలుగోవంతు దాతది. తర్వాత అతని వారసులది, సూర్యచంద్రులున్నంత కాలం. ఆ వంతును ఇంకొకరికి అమ్ముకోవచ్చు కూడా. 1456 నుంచి 1570 దాకా నడిచిన ఈ లెక్కల మీద బర్టన్ స్టైన్ 1960లో మంచి వ్యాసం రాశాడు.

భక్తి సంగతి పక్కన పెడితే (పెట్టకూడదనుకోండి), ఇది పెన్షను. అందులోనూ తెలివైన పెన్షను, ఎందుకంటే చెల్లింపు అన్నంలో. అన్నం ధర ఎంత పెరిగినా దాతకి అందే ముద్ద తగ్గదు. మా ఏజెంటు చెప్పిన 20 వేలు రూపాయల్లో బిగించినవి. ధరలు ఏటా ఆరు శాతం పెరుగుతాయనుకుంటే, ఇరవయ్యేళ్ల తర్వాత వాటి విలువ ఈరోజు ఆరువేల చిల్లర. ఆ డబ్బుకి ఆయా రాదు.

కానీ సూర్యచంద్రుల మాట నిలవలేదు. 1565 తర్వాత విజయనగరం కూలింది. కొండ ఆదాయం ఆర్కాటు నవాబులకి, 1801లో కంపెనీకి, 1843లో హథీరాంజీ మఠానికి, 1933లో ఇప్పటి దేవస్థానానికి చేతులు మారింది. రాతిమీద చెక్కిన హామీ గతే ఇదైతే, పాలసీ కాగితం ఎన్నాళ్లు నిలుస్తుందో అడగడం నా హక్కే కదా.

ఒక తేడా మాత్రం ఒప్పుకోవాలి. దాత వంతు ఎవరి సొమ్ముకి వాళ్లది. ఇన్సూరెన్సులో మంచం పట్టనివాళ్లు పట్టినవాళ్లకి కడతారు. అమ్మకి మూడో ఏడే స్ట్రోకు వస్తే, నేను దాచుకున్నది లక్షా ఇరవై వేలు. అదే పాలసీ ఉంటే నెలనెలా ఇస్తూనే ఉంటుంది. అందుకే జర్మనీ 1995లో, జపాన్ 2000లో దీన్ని జనం ఇష్టానికి వదలకుండా తప్పనిసరి చేశాయి. జపాన్‌లోనైతే చేతికి డబ్బివ్వరు, మనిషినే పంపుతారు. అమ్మ ప్రశ్నకి నాకు దొరికిన నేరు జవాబు అదొక్కటే. మన దగ్గర డెబ్బై దాటినవాళ్లకి 2024 నుంచి ఆయుష్మాన్ భారత్ ఉంది, ఏడాదికి ఐదు లక్షల దాకా, కానీ అది ఆసుపత్రి ఖర్చుకే. ఇంటికొచ్చాక మొదలయ్యే నాలుగేళ్లకి కాదు.

ఏజెంటుకి ఫోన్ చేసి వద్దన్నాను. సరైన పనో కాదో, ఆ మూడో ఏడు లెక్క ఇప్పటికీ నిద్రలో గుర్తొస్తుంది. ప్రీమియం డబ్బు విడిగా ఒక ఖాతాలో వేస్తున్నాను. నామినీ ఎవరని బ్యాంకులో అడిగితే పిన్నమ్మ పేరు నోటిదాకా వచ్చింది. ఆమెకీ అరవై దగ్గర పడుతోంది. ఆ గడి ఇంకా నింపలేదు.